కవాతు పార్కుల హాజరు

గిప్పుడు పిల్లలు ఉయ్యాలలూగే మా కోరుట్ల పార్కుల నిజాం కాలంల ఫౌజుకు కవాతు నేర్పేటోళ్లట. నేను గీడ రాత్రి వాచ్‌మన్‌ను. అర్ధరాత్రి దాటితే బూట్ల సప్పుడు ఇనబడతది. మనుషులు కనబడరు. ఎవడో ఒక్కొక్క పేరు పిలుస్తడు. చీకట్ల నుంచి "హాజర్" అని జవాబస్తది.

పాత సిపాయిల పేర్లే గదా అని ఊకున్న. పోయిన వారం మా పక్కింటి లచ్చయ్య కొడుకు పేరు పిలిచిండు. "హాజర్" అన్న గొంతు వానిదే. తెల్లారి అడవిల వాని శవం దొరికింది.

అడవిల అన్నలకు బువ్వ పెట్టిండని నా కొడుకు ఓదెలును పోలీసులు జీపుల తీసుకపోయి పంతొమ్మిది రోజులు. ఏ ఠాణాల అడిగినా లేడన్నరు. నా పెండ్లాం గంగవ్వ రోజూ వానికి అన్నం మూతపెట్టి కూసుంటది.

నాలుగు రాత్రుల సంది ఓదెలు పేరు గూడ పిలుస్తుండు. జవాబు లేదు. అంటే నా కొడుకు బతికున్నట్టే.

నిన్న మళ్ల పిలిచిండు. "ఓదెలు!"

చీకట్ల ఎవలో ఊపిరి పీల్చుకున్నరు, మాట్లాడవోయేటోని లెక్క. వాని బదులు నన్ను తీసుకపోర్రి అనుకొని, "హాజర్!" అని గొంతు చించుకోని ఒర్రిన.

బూట్లు ఆగినయి. కీచురాళ్లు గూడ ఆగినయి. పక్కనుంచి ఒక సల్లటి చెయ్యి నా చెయ్యి వట్టుకున్నది.

"నేనచ్చి నాలుగు రాత్రులాయె బాపూ," అన్నడు ఓదెలు. "అమ్మ అన్నం పెట్టుకోని సూస్తుందనే పలుకుతలేను. నువ్వెందుకు పలికినవే?"