పన్నెండు వేల అడుగులు

"పేషెంటెక్కడ? గుండెపోటు కేసు!"

స్ట్రెచర్‌తో ఇద్దరు ఆఫీసులోకి దూసుకొచ్చారు.

వాళ్ళు చదివిన పేరు హెడ్ క్లర్క్‌ది. ఆయన నోట్లో సగం క్రీమ్ బిస్కెట్ ఉంది.

"నాకా? గుండెపోటా? ఎవరు చెప్పారు?"

"మీ కోచ్ ఫోన్ చేసింది. మీ చేతి బ్యాండ్‌లో గుండె లెక్క తప్పిందట."

బిస్కెట్ ఆయన గొంతులో అడ్డం పడింది.

లావు తగ్గాలని ఆఫీసు అందరికీ ఇచ్చిన బ్యాండ్లవి. ఎవరు ఎన్ని అడుగులు వేశారో, ఎవరి గుండె ఎలా కొట్టుకుంటోందో ఎక్కడో కూర్చున్న కోచ్‌కి తెర మీద కనబడుతుంది. ఏం తినాలో, ఎంత నడవాలో ఆ అమ్మాయి ఫోన్‌లోనే చెబుతుంది.

ఎప్పుడూ ఆకుకూరలే తినమంటుందని హెడ్ క్లర్క్ ఆమెకి 'ఆకులమ్మ' అని పేరు పెట్టాడు. ఆమె ఫోన్ ఎత్తడం ఎప్పుడో మానేశాడు.

అయినా నడకలో ఆయనే ఫస్టు. రోజుకి పన్నెండు వేల అడుగులు!

ఎందుకంటే బ్యాండ్ ఆయన చేతికి లేదు. ఏడంతస్తులకీ టీ తిప్పే టీ అక్క చేతికి ఉంది.

పొద్దున్నే అక్క గొణిగింది. "ఛాతీ పట్టేసినట్టుంది సార్. ఇవాళ ఈ బ్యాండ్ వద్దు."

"గ్యాసై ఉంటుందిలే అక్కా. నెలాఖరు, ఫస్టెవరో తేలేది ఇవాళే. ఈ ఒక్కరోజూ కానిచ్చెయ్."

మేనేజర్ గదిలోంచి పరుగున వచ్చాడు. "ఏమయ్యా, మా ఛాంపియన్‌కేమైంది?"

నిజం చెబితే అందరి ముందూ పరువు పోతుంది. అక్క ఫ్లాస్కు మోస్తూ ఆయాసపడుతోంది కాబోలు, అంతే!

"గుండ్రాయిలా ఉన్నాను సార్! ఆ బ్యాండ్ పాడైతే సొరుగులో పడేశాను."

స్ట్రెచర్ మనిషి ఆయన నాడి పట్టి చూశాడు. "పోనీ ఇంకెవరైనా పెట్టుకున్నారా?"

"అబ్బే, ఎవరూ లేరు."

అంబులెన్స్ వెళ్ళిపోయింది.

"గుండెపోటుకే దడ పుట్టించావయ్యా!" అంటూ ఆఫీసంతా నవ్వింది.

అంతలో ఫోన్ మోగింది. ఆకులమ్మ. అందరూ చూస్తున్నారు, ఎత్తక తప్పలేదు.

"సార్, మీరు బాగున్నారట. మరి ఈ గుండె ఎవరిది?"

"అదీ... అమ్మా..."

"మూడ్రోజులుగా మెసేజ్‌లు పెడుతున్నాను, నడక ఆపండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి అని! ఎవరిదైనా సరే, ఆగిపోతోంది సార్!"

హెడ్ క్లర్క్ పరిగెత్తాడు.

నాలుగో అంతస్తు మెట్ల మలుపులో టీ అక్క వెల్లకిలా పడి ఉంది. ఫ్లాస్కు దొర్లిపోయింది. మెట్ల మీద కారుతున్న టీ ఇంకా పొగలు కక్కుతోంది.

"అక్కా! లే అక్కా!"

అంబులెన్స్ మళ్ళీ వచ్చింది. స్ట్రెచర్ మనిషి ఆమె చేతి బ్యాండ్ చూశాడు. తలెత్తి హెడ్ క్లర్క్‌ని చూశాడు.

"ఇందాక వచ్చినప్పుడే చూసుంటే బతికేది" అన్నాడు.



వెనకే వచ్చిన మేనేజర్‌కి ఇంకా ఏమీ అర్థం కాలేదు. "లిఫ్ట్ నిక్షేపంలా పనిచేస్తోందిగా! అంత బరువేసుకుని మెట్లెందుకు ఎక్కింది పిచ్చితల్లి? ఎవరెక్కమన్నారు?"

హెడ్ క్లర్క్ తడి మెట్టు మీదే కూలబడ్డాడు.

"లిఫ్టెక్కితే నా అడుగులు తగ్గుతాయని... మెట్లెక్కించింది నేనే సార్."