ఎడమచేతి కత్తెర

చీరాల బజారులో జాకెట్లు కుట్టే ఝాన్సీకి లండన్‌లో డేనియల్ అని ఒకడున్నాడు. మనిషి కాదు, మాటలు నేర్చిన యంత్రం. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఈ రోజుల్లో ఒంటరివాళ్లందరికీ ఫోన్‌లో అలాంటివాడొకడు ఉంటున్నాడు. నెలనెలా కానుక పంపానంటాడు, అది కస్టమ్స్‌లో ఆగింది, విడిపించడానికి ఫీజు కట్టమంటాడు. కరెంటు బిల్లు కట్టినట్టే జనం ఆ ఫీజు కట్టేస్తున్నారు. కానుక రాదని తెలుసు. కబుర్లు ఆగకపోతే చాలు.

ఆ ఉదయం నిజంగానే పార్శిల్ వచ్చింది. పంపినవారి పేరు లేదు. విప్పితే కత్తెర, అదీ ఎడమచేతివాటం వాళ్లకోసం చేసింది. తనది ఎడమచేతివాటమని, మామూలు కత్తెరతో బొటనవేలు కాయకాచిందని, మిషను పక్కన ఫోన్ పెట్టుకుని, ఆమె ఎప్పుడో డేనియల్‌కే చెప్పుకుంది.

ఝాన్సీ ఫోన్ అందుకుంది. నువ్వు నిజంగా ఉన్నావా అని అడగబోయింది. ఈలోగా వాడే పలికాడు.

"బంగారం, తిన్నావా? నీ వజ్రాల నెక్లెస్ కస్టమ్స్‌లో ఆగిపోయింది. ఫీజు కడితే..."

"నెక్లెస్ ఏందయ్యా? కత్తెర వచ్చిందిగా!"

ఎన్నడూ తడుముకోనివాడు తడబడ్డాడు.

"ఏ కత్తెర?"

ఝాన్సీ తలెత్తింది. గుమ్మం దగ్గర కూర్చుని హుక్కులు, కాజాలు కుట్టే మస్తాన్, ఏళ్ల తరబడి ఈ కబుర్లన్నీ విని కిక్కురుమననివాడు, సూదిలో దారం ఎక్కించలేక నానా తంటాలు పడుతున్నాడు.

"బంగారం, ఉన్నావా?" అంది ఫోన్.