ఏడుపు రావట్లేదండీ

రిపోర్టులన్నీ బాగున్నాయంటే ముఖం చిన్నబుచ్చుకున్న పేషెంటును డాక్టర్ త్రినాథరావు ఎప్పుడూ చూడలేదు.

"షుగర్ లేదు, బీపీ లేదు, గుండె గుండ్రాయిలా ఉంది. ఇంకేం కావాలమ్మా?"

త్రిపురసుందరి నడివయసు మనిషి. మండే ఎండల్లో కూడా మెడకు ఆకుపచ్చ మఫ్లరు చుట్టుకునే ఉంటుంది. మధురానగర్ నుంచి ఆటోలో ఫిల్మ్‌నగర్ దాకా వస్తుంది. ఒకసారి మెడనొప్పంటుంది, ఒకసారి తలనొప్పంటుంది, ఇంకోసారి నిద్ర లేదు, అన్నం సయించదంటుంది.

"ఇంకేదైనా పరీక్ష రాస్తారా సార్?"

"రోగం లేదంటే బాధపడతారేంటండీ! చోద్యం కాకపోతే."

ఆవిడ లేచింది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"మా అమ్మ పోయిందండీ. అప్పట్నుంచి ఏడుపు రావట్లేదు."

బయట జనం కిక్కిరిసి ఉన్నారు. డాక్టరు నవ్వేశాడు.

"ఏడుపు ఆగట్లేదని వచ్చేవాళ్లకు మందు రాయలేక చస్తున్నా. రావట్లేదంటే మీరు అదృష్టవంతులమ్మా! బలానికి మాత్రలు రాశాను, వాడండి."

ఆవిడా నవ్వబోయింది. చేత కాలేదు. దండం పెట్టి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

డాక్టరు మంచివాడే. కాకపోతే, ఒంటి నొప్పి చెప్తే వింటాడు, మనసు నొప్పి చెప్తే గడియారం చూస్తాడు. అలాగని ఏడుపు రాకపోవడమంటే ఏంటో తెలియనివాడా? భార్య సత్యలక్ష్మి పోయినప్పుడు ఆయన కంట చుక్క రాలలేదు. రాతిగుండె అన్నారు చుట్టాలు. నెలల తరబడి ఆ బరువు దిగలేదు.

ఒక మధ్యాహ్నం టీవీలో ఏదో సినిమా. చనిపోయిన మొగుడి చొక్కా గుండెలకు హత్తుకుని హీరోయిన్ ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటూనే ఆయనా భోరుమన్నాడు. ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాడు.

అప్పట్నుంచి సత్యలక్ష్మి మీద బెంగ పుట్టినప్పుడల్లా ఫోన్లో ఆ సీను పెట్టుకుంటాడు.

"సార్ మళ్ల గా ఏడుపు పెట్టిండు. జర ఆగుండ్రి," అంటాడు కాంపౌండర్ నాగసాయి, వచ్చినవాళ్లతో.

ఒకరోజు డాక్టరు ఆ సీను చూస్తుండగా నాగసాయి టీకి వెళ్లాడు. చెవినొప్పితో వచ్చిన జగదీశ్ తిన్నగా లోపలికొచ్చేశాడు. అతను పక్కవీధి డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు.

"అరే, ఈ ఏడుపు మా థియేటర్లో రికార్డు చేసిందే సార్!"

డాక్టరు గబగబా కళ్లు తుడుచుకున్నాడు. "ఆ హీరోయిన్ ఎంత బాగా ఏడ్చిందయ్యా!"

"ఆ అమ్మాయికి తెలుగే రాదు సార్. మాటలు వేరే అమ్మాయి చెప్పింది. ఏడుపు దగ్గరికొచ్చేసరికి తన వల్ల కాలేదు. అప్పుడు మేమంతా అక్కా అని పిలిచే డబ్బింగ్ ఆవిడని పిలిపించాం. ఇండస్ట్రీలో ఎవరికి ఏడుపు కావాలన్నా అక్కే ఏడవాలి. టైటిల్స్‌లో పేరు కూడా వెయ్యరు పాపం."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"ఆ మహాతల్లిని ఒక్కసారి చూపించవయ్యా. నన్ను ఏడిపించి బతికించింది. దండం పెట్టుకుంటాను."

"ఎక్కడుందో మాకే తెలీదు సార్. ఉన్నట్టుండి పని మానేసింది. గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవట్లేదు."

"అయ్యో! మనిషి ఎలా ఉంటుందో అయినా చూపించు."

జగదీశ్ తన ఫోన్లో వెతికి చేతికిచ్చాడు.

ఫొటోలో మైకు ముందు నిలబడి, మెడకు ఆకుపచ్చ మఫ్లరు చుట్టుకుని, కళ్లు మూసుకుని ఏడుస్తోంది, ఆయన అదృష్టవంతులని నవ్వి పంపించేసిన మనిషి.