కాపడం రాయి

"నా రాయేదీ?"

కోడలి కేకకి ఇల్లంతా అదిరింది. ఇంకో గంటలో ప్రొఫెసర్ ముందు నిలబడాలి. నాలుగు రోజుల కిందట బల్లమీద పెట్టిన రాయి మాయమైంది.

అది అల్లాటప్పా రాయి కాదు. చమురు కోసం బావి తవ్వినప్పుడు భూమి అడుగు నుంచి తీసిన జానెడు ముక్క, రోకలిలా గుండ్రంగా ఉంటుంది. అది గొడ్డుబావి అని అందరూ వదిలేసినా, చమురుందని ఆమె ఒక్కతే మొండికేసింది. పెట్రోలియం ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా చేతికి రావాలంటే ఇవాళ దాన్ని రుజువు చెయ్యాలి. ల్యాబులో ఎంత ఒత్తిడి పెట్టి పిండినా చుక్క రాలింది లేదు.

"గొంతు చించుకోకమ్మా, ఇక్కడుంది," అంది అత్తగారు పక్కగదిలోంచి.

వెళ్లి చూసి కోడలు గుండె బాదుకుంది. అత్తగారు కాళ్లు బారజాపుకుని, ఆ రాయితోనే మోకాలికి కాపడం పెట్టుకుంటోంది. రాయి నిండా నల్లటి జిడ్డు. గదంతా ముక్కుపుటాలు అదిరే వాసన.

"అత్తయ్యా! అది రాయి కాదు, నా డిగ్రీ!"

"నీ డిగ్రీ పుణ్యమా అని నాలుగు రోజులుగా మెట్లెక్కుతున్నాను. సాయంత్రం మర్చిపోకుండా వెనక్కి తీసుకురా."

నవ్వాలో ఏడవాలో తెలియక, కోడలు రాయిని తుడిచి సంచిలో పడేసుకుని పరుగు తీసింది.

ప్రొఫెసర్ నవ్వడం ఎరగని మనిషి. ల్యాబులో లైట్లు ఆర్పి, రాయి మీద ఊదారంగు దీపం వేశాడు. చమురుంటే ఆ వెలుగులో మెరుస్తుంది. రాయి పచ్చగా మెరిసింది.

"చమురు!" ఆయన కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. "గొడ్డుబావి అన్న నాకే బుద్ధిలేదు! పట్టా నీదేనమ్మా!"

నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ అబద్ధంతో వచ్చిన పట్టాని గోడకు తగిలించుకుని రోజూ చూడటం ఆమె వల్లయ్యే పని కాదు. ఏడుపు దిగమింగుకుని చెప్పేసింది.

"సార్... అది మా అత్తగారి మోకాళ్ల నూనె."

సంగతంతా విని ప్రొఫెసర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "సరే, ఏ నూనో ఫోన్ చేసి కనుక్కో. కడిగితే పోతుందేమో చూద్దాం."

ఆయనకూ వినబడేలా స్పీకర్ పెట్టి అడిగింది.

"అత్తయ్యా, ఆ రాయికి ఏ నూనె పూశారు?"

"పూయడమేంటి, నా మొహం! నూనె సీసా కొనే పని తప్పిందనే కదా దాన్ని పట్టుకుని వేలాడుతున్నాను... పెనం మీద పెట్టి వేడిచేస్తే చాలు, నూనె దాంట్లోంచే కారుతుంది!"