రెండు పొరల గొట్టం

"విషం కాఫీలోనే ఉండింది సార్. అది తాగినాకనే మా తమ్ముడు వీపు పట్టుకోని కూలినాడు."

జానకియమ్మాళ్ ఎన్నిసార్లు చెప్పినా సబ్‌ఇన్‌స్పెక్టర్ సంకరలింగం తల మాత్రమే ఊపాడు. కాఫీ ఇచ్చింది తమ్ముడి భార్య రుక్మణి. తమ్ముడు శంకర రాజా ఆ రోజు చోళపురంలో పత్తి చేను చూసుకుని అప్పుడే ఇంటికొచ్చాడు. ఉక్కులాంటి మనిషి.

శవాన్ని కోసి చూసిన డాక్టర్ మాధవ విషం లేదన్నాడు. గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం లోపల చీలిందన్నాడు.

"చీలేదానికి అదేమన్నా పాత పంచెనా?" అంది జానకియమ్మాళ్.

"రండి, చూపిస్తాను."

మద్రాసులో చదివొచ్చిన మాధవకు ఇంటి వెనక ఒక గది ఉంది. రాజపాళయం ఊరంతా ఆయన్ని పిచ్చి డాక్టరనేది ఆ గది వల్లే. బల్ల మీద రబ్బరు గొట్టం, దానికో పంపు, బకెట్టులో ఎర్రనీళ్ళు.

"ఇంతవరకు ఇక్కడికి ఎవరినీ రానిచ్చింది లేదక్కా. మీరే మొదలు."

జానకియమ్మాళ్ వెనకే సంకరలింగం లోపలికొచ్చాడు. వెంట వచ్చిన రుక్మణి గడప దగ్గరే ఆగింది.

"లోపలికి రావే. నీ కాఫీ కథే గదా" అంది జానకియమ్మాళ్.

"ఈడినుంచే కనపడతాది వదినె."

డాక్టర్ పంపు మెల్లగా ఒత్తాడు. నీళ్ళు సాఫీగా పారాయి.

"గొట్టానికి రెండు పొరలు. లోపలి పొరలో చిన్న చీలిక. జోరు పెరిగిందనుకోండి..."

గట్టిగా ఒత్తాడు. ఎర్రనీళ్ళు చీలికలో దూరి పొరల మధ్య దారి చేసుకున్నాయి. పై పొర బుడగలా ఉబ్బింది. టప్పున పగిలింది.

జానకియమ్మాళ్ చీర నిండా ఎర్రచుక్కలు. సంకరలింగం ఖాకీ చొక్కా నిండా కూడా.

"మన్నించండి. మిల్లులో నూలుకు అద్దే రంగు. ఎంత ఉతికినా పోదు."

జానకియమ్మాళ్ చీర వైపు చూడలేదు. పగిలిన గొట్టాన్నే చూస్తోంది. తమ్ముడి చివరి కేక మళ్ళీ వినిపించింది.

"పావం, ఇట్లనా పోయినాడు?"

"ఏమ్మా, నా చొక్కా పోయె" అన్నాడు సంకరలింగం. "కేసూ పోయెనా?"

"వద్దు సార్. నోరు జారినాను."

ఇంటికి రాగానే జానకియమ్మాళ్ మరదలి చేతులు పట్టుకుంది. "నిన్ను జైలుకు పంపాలని చూసినాను. మనసులో పెట్టుకోవద్దు."

రుక్మణి ఏడ్చింది. లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చి వదిన ఒళ్ళో పెట్టింది. భర్త పోయిన రోజు చుట్టాలు కట్టి అటక మీద పడేసిన ఆమె రంగు చీరలు. కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

"నాకింక తెల్లదే గదా. మీరు కట్టుకోండి వదినె."

జానకియమ్మాళ్ కళ్ళు తుడుచుకుని ముడి విప్పి, పైనున్న పసుపు చీర మడత తీసింది. కుచ్చిళ్ళ దగ్గర, ఉతికి ఉతికి పాలిపోయిన పసుపు మీద, చెక్కుచెదరని ఎర్రచుక్కలు.