రెండు పొట్టి, ఒక పొడుగు

ఇలా దగ్గరకి జరగండర్రా. ఆ సెల్లు కాసేపు బోర్లా పెట్టండి. మన రోడ్డు మీద తిరిగే ఒక చేపల బండి సంగతి చెబుతాను.

సముద్రం ఒడ్డున ఉన్న డొంకూరు నుంచి కుమారి, ఆమె మొగుడు ధనుంజయ్ పాత వ్యాను కొనడానికి పలాస వచ్చారు.

పడవ బోల్తాపడినప్పుడు ధనుంజయ్ భుజం దెబ్బతింది. స్టీరింగు తిప్పగలడు గానీ వల లాగలేడు. కుమారి చేపల గంపతో బస్సెక్కితే కంపు కొడుతోందని దింపేస్తున్నారు. మంచి బండి దొరికితే ఊరూరా తిరిగి అమ్ముకుంటారు. దొరక్కపోతే మళ్ళీ ఆ గంపే, ఆ తిట్లే.

హైవే పక్కన పాత బండ్ల షెడ్డు. బేరగాడు శ్యాంసుందర్ రెండు వ్యాన్లు చూపించాడు.

ఎర్రది కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది. కుమారి కొంగు దోపుకుని దాని కిందికి దూరింది.

"పైన పౌడరు, కింద తుప్పు! ఉప్పుగాలి ఎక్కడ తింతాదో మాకు సెప్పాలేటి? ఇదొద్దు బావా."

రెండోది తెల్లది. రంగు వెలిసిపోయింది గానీ అడుగు గట్టిగా ఉంది. తలుపు తీస్తే లోపల బల్ల సీటు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఈయనెవులు?"

"ఎవరోనమ్మా. రోజూ ఒచ్చి దీన్లోనే కూకుంతాడు. మతి నేదు, పట్టించుకోకండి" అన్నాడు శ్యాంసుందర్.

"ఇదే తీసుకో తల్లీ. దీనికి కుదుపు తక్కువ" అన్నాడు ముసలాయన.

"సేపలకి కుదుపైతే ఏటి తాతా? సచ్చినవే గదా!"

ఆయన నవ్వాడు. ఆ కాస్త నవ్వుకే ఆయాసం వచ్చింది.

కుమారికి లోపల పైన ఒక ఇనప కొక్కెం కనిపించింది.

"సూడు బావా! తక్కెడ ఏలాడదియ్యడానికే పెట్టినట్టుంది."

"దానికీ పనికొస్తాదమ్మా" అన్నాడు ఆయన.

ఎండ మండిపోతోంది. ముసలాయన పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. కుమారి మనసాగక సీసాలోంచి గ్లాసుడు నీళ్ళు పోసి ఇచ్చింది.

ఆయన గ్లాసు అందుకున్నాడు. నీళ్ళకేసి చాలాసేపు చూశాడు. వేలు ముంచి పెదాలు తడుపుకుని, గ్లాసు తిరిగి ఇచ్చేశాడు.

ధనుంజయ్ మొహం మాడిపోయింది.

"సూసినావా? సేపలోళ్ళ సేతి నీల్లు గొంతు దిగవు పెద్దమనిషికి!"

ముసలాయన బల్ల సీటు మీదే కూర్చున్నాడు. బేరం కుదిరి తాళాలు చేతులు మారాక మెల్లిగా దిగాడు.

"తల్లీ, ఒక్క మాట. హారను ఎలగైనా కొట్టుకోండి. రెండు పొట్టి, ఒక పొడుగు మాత్రం కొట్టొద్దు."

"కొడితే ఏటి, బండి పేలిపోద్దేటి?" అన్నాడు ధనుంజయ్.

"ఏటీ అవదు బాబూ. కొట్టొద్దంతే. మీరెల్లే దారే గదా, నన్ను జలంత్రకోట దగ్గర దింపుతారా?"

"మా బండెక్కితే సేపల కంపంటుకుంతాది తాతా. బస్సుకెల్లు."

"పోనీ బావా, ముసలోడు" అని కుమారి అంటూనే ఉంది, బండి కదిలిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. ఆపమనో, వెళ్ళి రమ్మనో తెలియలేదు.

ఐసుపెట్టె అమర్చి, అన్నీ సరిచూసుకునేసరికి నెల దాటింది. ఒక పొద్దున్న తాజా చేపలేసుకుని జలంత్రకోటలో బండి ఆపారు.

"బావా, ఏదో గుర్తు హారనుండాల మనకి."

ధనుంజయ్ కొట్టాడు. రెండు పొట్టి, ఒక పొడుగు.

"అదొద్దన్నాడు గదా తాత!"

"మన నీల్లు తాగనోడి మాట మనకేల?"

ఒక తలుపు తెరుచుకుంది. ఇంకొకటి. మరొకటి.

"ఓలమ్మో, బోణీ అదిరింది!" అంది కుమారి.

కానీ ఎవరి చేతిలోనూ గిన్నె లేదు. అందరికంటే ముందు వచ్చిన సన్యాసమ్మ అనే ఆమె చంకలో గుడ్డసంచీ, దుప్పటి, ఆస్పత్రి కాగితాలు. బండి తలుపు పట్టుకుని, లోపల ఐసుపెట్టె చూసి ఆగిపోయింది.

"సన్యాసిరావు బాబు బండి కాదేటమ్మా ఇది?"

"ఆయనెవులు?"

"ఈ హారనే కొట్టి మా కిడ్నీ జబ్బోల్లందర్నీ దీన్లోనే ఆస్పత్రికి తీసుకెల్లి తెచ్చేవోడు. ఆ కొక్కేనికే మాకు సెలైను సీసా కట్టేవోడు. ఆకరికి ఆ బాబుకీ అదే జబ్బు. రోజుకి గలాసుడు నీల్లు దాటకూడదన్నారంట. తోలే ఓపిక నేక బండి ఎవులికో ఇచ్చేసినాడు."

కుమారి తక్కెడని ఆ కొక్కెం మీంచి తీసి కింద పెట్టింది.

"ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"పోయి వారమైంది."

"మరి హారను ఇని ఒచ్చేసినావేటి?"

"పోయినాడని నాకు తెల్సు తల్లీ. ఈ కాళ్ళకెవులు సెప్పినారు?"

ధనుంజయ్ దిగి వచ్చి బల్ల సీటు మీది గంప తీశాడు. కుమారి ఐసుపెట్టె పక్కకి జరిపింది.

"ఎక్కు అమ్మా. సేపల కంపు... పర్నేదా?"

"ఆస్పత్రి కంపు కన్నా నయమే" అంటూ సన్యాసమ్మ బల్ల సీటు మీద తన పాత చోటనే కూర్చుంది.

ఆ బండి ఎవరు కొన్నా తన హారను మోగి వీళ్ళు ఇలా సంచులతో ఉత్తినే పరుగెత్తుకు రాకూడదనే, ఆ మాట ఒక్కటీ చెప్పడానికే, సన్యాసిరావు దాహంతో రోజూ పలాస వచ్చి ఆ షెడ్డులో కూర్చున్నాడు.

ఇప్పుడు కుమారి చేపలమ్మడానికి నోటితోనే కేకేస్తుంది. ఆ హారను వినబడిందంటే ఆ రోజు బండిలో చేపలుండవు. ఎందుకని ఎవరైనా అడిగితే ఈ కథ చెప్పండి నాయనా, ఆయన పేరు మరిచిపోకుండా చెప్పండి.