లోయలో రాతి చప్పుడు

టక్. టక్. మంచుతెర వెనుక రాయి మీద రాయి మోగింది. అమూల్య వెంటనే తన చేతిలోని రాయితో బండను కొట్టింది. నేనిక్కడే ఉన్నానని దానికి అర్థం. చీకటి గనిలో పనిచేసే బాపు, శ్రీరాంపూర్ ఇంట్లో తన పిల్లలిద్దరికీ నేర్పిన పద్ధతి అది.

నెగడులోకి పుల్లల కోసం లోయలోకి దిగిన అన్న సంపత్ ఇంకా రాలేదు. అయినా ఆమెకు భయం లేదు. ఆదిలాబాద్ కొండ మీద గడ్డిపోచలు గాజులా గడ్డకట్టడం తొలిసారి చూస్తోంది, గుండె గంతులేస్తోంది.

కొండ కింది గూడెంలో నాగవ్వ ముందే హెచ్చరించింది. "గీ చలితోని మజాక్ వద్దు బిడ్డా. పొద్దుగూకక ముందే దిగుండ్రి."

"చలి నీ ముసలి బొక్కలకు గాని, మాకేంది అవ్వా!" అని సంపత్ నవ్వేశాడు.

నెగడు కుంగిపోతుండగా అన్న వచ్చాడు. చేతుల్లో పుల్లలు లేవు. ఒంటి మీద స్వెటర్ లేదు.

"స్వెటరేది అన్నా?"

"ఉడకపోస్తుంది చెల్లె, తీసి పారేసిన. జర జరుగు, కూసుంట."

ఆమె మాట వెంట తెల్లని ఆవిరి లేచింది. అతని మాట వెంట లేవలేదు.

టక్... టక్. లోయలోంచి మళ్ళీ అదే చప్పుడు, ఈసారి నీరసంగా. అది జవాబు కోసం ఆగింది.

అమూల్య మండుతున్న కట్టె అందుకుని లేచింది. "ఎవలు నువ్వు? పేరు చెప్పు."

లోయలో సంపత్ అరిచిన పిలుపేదో గుర్తు చేసుకుంటున్నట్టు అతను తల వంచాడు. తర్వాత, ఎంతో మురిపెంగా, "అమూల్య" అన్నాడు.